రక్షకుని మాట

భారతమును పురాణకాలక్షేపములందు విన్నవారికెల్ల మాండవ్యుని కథ తెలిసియే యుండును. ఆ ముని మౌనవ్రతమున నుండగా, రాజభటులు తరుముచుండిన దొంగలు ఆతని యాశ్రమమున జొచ్చి, సొమ్మును దాచి, తామును దాగిరి. వెన్నంటి వచ్చిన భటులు దొంగలే త్రోవను బోయిరని ముని నడిగిరి. ఆతడు వ్రతభంగమునకు వెఱచి బదులు పలుకడయ్యెను. భటులు వెదకిరి, సొమ్ము దొరకినది, దొంగలును దొరకిరి. సొమ్మున్నచోట నున్నవాడు దొంగలకు దోడు గాక యేమగునని వారు రాజునకు విన్నవించిరి. రాజు వారి మాటను నమ్మి దొంగలతోపాటు మునిని గూడ కొఱ్ఱెక్కింపించెను. పిదప తప్పు తెలిసికొని పాదములపై బడినను, కొఱ్ఱు ముని దేహమునుండి పూర్తిగా రాలేదు. బయటి భాగమును గోసివేయగా మిగిలినది లోపలనే యుండిపోయినది. దానిచేతనే యాతనికి అణిమాండవ్యుడను పేరు వచ్చినది.

ఈ కథను అర్థశాస్త్రకర్త మఱియొక విధముగా జ్ఞాపకము చేసియున్నాడు. కంటకశోధనాధికరణమున, దొంగలను విచారించు పద్ధతిని జెప్పునెడ, దొంగ కానివాడును దారిలో తటస్థపడుటచేతనో, వేషసామ్యముచేతనో, దొంగసొమ్ము చెంత నుండుటచేతనో పట్టువడుట కలదనియు, మాండవ్యుడు బాధకు వెఱచి దొంగ కాకయే దొంగనని యొప్పుకొన్నాడనియు, కావున నిశ్చితమైన నిదర్శనము లేక శిక్షింపరాదనియు ఆతడు హెచ్చరించెను. భారతమున మాండవ్యుడు నోరు మెదపలేదు. అర్థశాస్త్రమున హింసకు లొంగి అసత్యమాడినాడు. విచారణలో ప్రయోగింపదగిన హింసావిధములను లెక్కించి చెప్పిన యధ్యాయముననే ఈ హెచ్చరికయు నుండుట గమనింపదగినది. కౌటిల్యుడు జాలిచేత నిట్లు పలికెనని తోపదు. రాజ్యమును నడపిన యనుభవముచేతనే పలికియుండును.

రాజు నేరము జరిగినచోట నుండడు. న్యాయాధిపతియు నుండడు. వారికి కన్నులును చెవులును భటులే. ఆ కన్నులు చూడనిదానిని చూచితిమన్నచో ధర్మాసనమెంత యున్నతమైనను ఫలము లేదు. ఈ సంకటమును దాటుటకు మన దేశపు చట్టము చేసిన యొక యేర్పాటును, అది చాలకపోయిన విధమును, ఆ కొఱతయందు మన వంతును ఈ వ్యాసమున విచారింపదలచినాము.

1872వ సంవత్సరపు సాక్ష్యచట్టమున 25వ సెక్షను కలదు. నేరము చేసితినని ముద్దాయి పోలీసు అధికారితో జెప్పిన మాట వానిపై రుజువుగా పనికిరాదని దాని తాత్పర్యము. అదే మాటను ముద్దాయి తన పొరుగువానితో జెప్పినయెడల రుజువు కావచ్చును. అంగడివానితో జెప్పినను కావచ్చును. నేరమును విచారించుటకే ప్రభుత్వము జీతమిచ్చి నియమించిన యధికారితో జెప్పినది మాత్రము చెల్లదు. 2024 జూలై 1వ తేదినుండి ఆ చట్టమునకు మాఱుగా భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినది. ఈ నిబంధన అందును 23వ సెక్షనుగా నిలిచియున్నది. దొరతనము పోయినది, స్వరాజ్యము వచ్చినది, రాజ్యాంగము వచ్చినది. పోలీసు చెవిని బడిన యొప్పుదలను నమ్మరాదను నియమము మాత్రము చెక్కుచెదరలేదు.

ఈ యపనమ్మకము పుట్టుటకు మన చెన్నపురి రాజధానిలో జరిగిన యన్యాయములు కొంత కారణము. 1816లోని 11వ రెగ్యులేషను తహశ్శీలుదారులకు పోలీసు అధికారమును గూడ నొసగినది. శిస్తు వసూలు చేయువాడును, దొంగను బట్టువాడును ఒక్కడే యయ్యెను. శిస్తు రాబట్టుటకు అలవడిన చేయి నేరము రాబట్టుటకును అట్లే పనిచేసెను. 1854లో ఇంగ్లండు పార్లమెంటున ఈ సంగతి చర్చకు రాగా, చెన్నపురి ప్రభుత్వము ఇలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురతో నొక విచారణసంఘమును నియమించినది. ఆ సంఘమునకు పందొమ్మిది వందలకు మించి ఫిర్యాదులు వచ్చినవి. 1855 ఏప్రిలులో సమర్పించిన నివేదికలో, హింస నిజముగా జరుగుచున్నదని సంఘము నిర్ణయించినది.

ఆ నివేదికలో తఱచుగా గనబడు హింసలకు తెలుగు పేళ్లను గూడ వ్రాసియున్నారు. చిరత యనగా రెండు కఱ్ఱలను ఒక కొనను గట్టి, నడుమ వ్రేళ్లనుంచి, నిమ్మకాయను బిండినట్లు నొక్కుట. గింగెరి యనగా మనుష్యుని వంచి, త్రాటితో గట్టి, ఆ వంగిన భంగిమముననే గంటలకొలది నిలుపుట. ఇంగ్లీషు నివేదికకు మన భాష యిచ్చిన మాటలివి. ఇట్లు పుట్టిన యొప్పుదలలను కోర్టునందు చదివి వినిపించుచుండిరి. ముద్దాయి తనంత తానే చెప్పినాడని ప్రమాణము చేయుచుండిరి. హింస ఠాణాలో జరిగినది. అసత్యము కోర్టులో జరిగినది. రెండవది లేక మొదటిదానికి ప్రయోజనము లేదు.

ఆ నివేదిక తరువాత 1859లోని 24వ చట్టముచే చెన్నపురి పోలీసును రెవిన్యూనుండి విడదీసి వేఱు శాఖగా నేర్పఱచిరి. పోలీసు యెదుటి యొప్పుదల చెల్లదను నియమమును 1861లోని క్రిమినలు ప్రొసీజరు కోడులో జేర్చిరి. దానిని జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను 1872లో సాక్ష్యచట్టమునకు దెచ్చెను. పోలీసులు హింసకేల దిగుదురను ప్రశ్నకు, అది ఎండనబడి తిరుగుటకంటె శ్రమ తక్కువ పని యను భావముతో ఒక యుద్యోగి సమాధానమిచ్చెనని ఆయన తరువాతి కాలమున వ్రాసియున్నాడు. ఈ మాట క్రౌర్యముకంటె సోమరితనమును పెద్ద కారణముగా జూపుచున్నది. ఆలోచింపగా నిదియే నిజమనిపించును.

ఇన్ని కట్టుబాట్లు చేసిన పిమ్మట శాఖ బాగుపడినదా? కర్జను ప్రభువు కాలమున, 1902లో, ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతను నియమితమైన పోలీసు కమిషను దేశమందలి పలు రాష్ట్రముల స్థితిని విచారించి 1903లో నివేదిక సమర్పించినది. శాఖ సమర్థమైనది కాదనియు, శిక్షణమందును నిర్మాణమందును లోపములున్నవనియు, లంచగొండితనమును ప్రజాపీడనమును గలవనియు, ప్రజల విశ్వాసమును సంపాదింపజాలదయ్యెననియు ఆ కమిషను నిస్సంకోచముగా వ్రాసినది. 1855 నివేదికకును దీనికిని నడుమ దాదాపు ఏబది సంవత్సరములు గడచినవి. ఆ నడుమ వచ్చిన చట్టములు పోలీసు చెప్పు మాటలలో కొన్నిటిని కోర్టు వినకుండ జేసినవి. మిగిలిన మాటలను సత్యములుగా జేయుట వానికి సాధ్యము కాలేదు.

పైగా ఆ కట్టుబాటునకు 27వ సెక్షనను ఒక మినహాయింపు గలదు. ముద్దాయి పోలీసు స్వాధీనమున నుండి చెప్పిన మాటవలన ఒక సంగతి బయటపడినచో, దానికి నేరుగా సంబంధించినంత మాట చెల్లును. ఇందు న్యాయము లేకపోలేదు. కత్తి ఫలానిచోట నున్నదని చెప్పగా అచ్చటనే కత్తి దొరకినయెడల ఆ మాట కల్ల కానేరదని శాసనకర్తల తలంపు. కాని కత్తి నిజముగా నచ్చటనే దొరకినదనుటకు సాక్షి యెవడు? మరల ఆ పోలీసు అధికారియే. ఆయనతోపాటు కాగితముమీద సంతకము చేసిన ఇద్దఱు మధ్యవర్తులు. ముద్దాయి యొప్పుదల విషయమున నమ్మరాదని చట్టము తీర్మానించిన మనుష్యునే, వస్తువు విషయమున నమ్మవలసివచ్చినది.

ఈ మినహాయింపు ఎంతవఱకు బోవునో 1946లో లండనులోని ప్రీవీ కౌన్సిలు నిర్ణయించినది. ఆ వ్యాజ్యము మన గుంటూరు సెషన్సు కోర్టులో బుట్టి, చెన్నపురి హైకోర్టును దాటి యచ్చటికి బోయినది. వస్తువు జాడతోపాటు, ఆ వస్తువుతో చేసిన నేరమును గూర్చి చెప్పిన మాటయు రుజువు కావలెనని సర్కారు తరపున వాదించిరి. తీర్పు చెప్పిన సర్ జాన్ బోమాంటు దాని నంగీకరింపలేదు. ఇంటి కప్పులో కత్తి దాచితిననుట చెల్లును. దానితో ఫలానివానిని బొడిచితినని చేర్చినచో ఆ చేర్చిన మాట చెల్లదు. ఏదో యొక వస్తువును జోడించినంతనే యొప్పుదల యంతయు చెల్లునట్లయినచో, పోలీసుల ఒప్పించు నేర్పు అందుకు చాలకపోదని ఆయన కొంత వ్యంగ్యముగానే సూచించెను.

అదే వ్యాజ్యమున మఱియొక సంగతి కలదు. కొందఱు సాక్షులు మొదట సర్కిలు ఇన్‌స్పెక్టరుతో జెప్పిన మాటలు ఆయన నోటుపుస్తకమున నుండినవి. వాని నకళ్లు ముద్దాయిలకు అందవలసియుండగా సెషన్సు విచారణలో అందలేదు. ఇది చట్టోల్లంఘనమే యని ప్రీవీ కౌన్సిలు చెప్పినది. పిదప ఆ పుస్తకము బయటికి వచ్చినందున ఆ వ్యాజ్యమున ముద్దాయిలకు నష్టము గలుగలేదని తలచినను, అట్టివి బొత్తిగా బయటికి రానిచో నష్టము కలిగినదనియే యూహింపవలసివచ్చునని హెచ్చరించినది. నేటికిని 27వ సెక్షను ప్రసక్తి వచ్చినపుడెల్ల మన న్యాయవాదులు ఈ గుంటూరు వ్యాజ్యమునే పేర్కొందురు.

ఇంతవఱకు పుస్తకములలోని మాట చెప్పితిమి. ఇక మా మాట చెప్పవలసియున్నది. చెప్పకున్నచో ఈ వ్యాసమును వ్రాయుటకు మాకధికారము లేదు.

పదునైదేండ్ల క్రిందట మేమొక గ్రామమున ఉన్నతపాఠశాలలో నుపాధ్యాయులముగా నుంటిమి. ఒక సాయంకాలము ఠాణానుండి కబురు వచ్చినది. పోయి చూడగా బల్లమీద రెండు ఇత్తడిబిందెలును, ఒక జత వెండికడియములును, వ్రాసి సిద్ధముగా నుంచిన మధ్యవర్తుల రిపోర్టును ఉన్నవి. ముద్దాయి మా సమక్షమున జెప్పగా వాని దొడ్డిలోని గడ్డివామినుండి ఆ వస్తువులను దీసినట్లు అందున్నది. మేము దొడ్డిని చూడలేదు, వామిని చూడలేదు. అధికారి మమ్ము మర్యాదగా గూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, "మేష్టారూ, దొంగ వీడే, అనుమానమేమీ లేదు. చీకట్లో మిమ్మల్ని అంతదూరం తిప్పడమెందుకని కాగితం ఇక్కడే రాయించాను. మీరు సంతకం చెయ్యకపోతే వీణ్ణి వదిలెయ్యాల్సి వస్తుంది" అనెను. బెదరింపు లేదు, లంచము లేదు. మేము సంతకము చేసితిమి. లోకమున కొక యుపకారము చేసితిమనుకొని యింటికి వచ్చి నిద్రపోతిమి.

ఏడాది దాటిన తరువాత కోర్టునుండి సమను వచ్చినది. ప్రమాణము చేసి, చూచితిమని చెప్పితిమి. వామి దొడ్డిలో ఏ దిక్కున నున్నదని ముద్దాయి తరపు వకీలు అడిగెను. తూర్పున నన్నాము. ముద్దాయికి పశువులు లేవు. వాని దొడ్డిలో వామియే లేదు. ఆ సంగతిని వకీలు మఱి యిద్దఱు సాక్షులచే చెప్పించెను. ముద్దాయి విడుదలయ్యెను. సొమ్ము పోగొట్టుకొన్న ముసలామె కొన్నాళ్లకు బడి గుమ్మమునొద్ద మమ్ము నిలిపి, "పంతులుగారూ, తమరు కళ్లారా చూశామని చెప్పారంట గదండీ. మరి వాణ్ణి ఎందుకొదిలేశారండీ?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. వాడు దొంగయో కాదో మాకు నేటికిని తెలియదు. తెలిసికొనుటకే యేర్పడిన కోర్టునకును తెలియలేదు. తెలియకుండ జేసినవారిలో మేమొకరము.

దీనివలన మాకు బోధపడినదేమనగా, పోలీసు అధికారి కోర్టులో ఆడు అసత్యము నిరపరాధిని చెఱుపవలెనను దురుద్దేశముతోనే పుట్టనక్కఱలేదు. దోషియని తాను నమ్మినవానికి శిక్ష తప్పిపోవునేమో యను తొందరలోను పుట్టవచ్చును. అందుచేతనే అది పాపముగా గనబడదు; మావంటివారు కూడ దానికి సంతకము చేయుదురు. కాని ఆ నమ్మకమే తప్పయినచో? మృచ్ఛకటికమున వీరకుడు అబద్ధమాడలేదు. తోటలో స్త్రీశవము కలదేమో చూచి రమ్మని న్యాయాధిపతి పంపగా, పోయి చూచి, కలదని వచ్చి చెప్పెను. అది వసంతసేనదే యని యెల్లరును తలచిరి. వసంతసేన బ్రతికియే యున్నది. చారుదత్తుడు మాత్రము వధ్యస్థానమునకు నడువవలసివచ్చినది. చూచినది చూచినట్లు చెప్పిన భటునివలననే ఇంత ప్రమాదము రాగా, తన యూహకు సరిపడునట్లు చూడనిదానిని కల్పించువానివలన నేమి రాదు?

అసత్యసాక్ష్యమునకు శిక్ష లేదా యన్నచో, కలదు. 1860లోని శిక్షాస్మృతి 193వ సెక్షను ఏడేండ్ల ఖైదువఱకు విధించినది. నేటి భారతీయ న్యాయసంహిత 229వ సెక్షను నట్లే విధించుచున్నది. అయితే కోర్టులో పలికిన యసత్యమును గూర్చి సామాన్యుడు పోయి వ్యాజ్యము వేయుటకు వీలులేదు. ఆ కోర్టు తరపుననే ఫిర్యాదు రావలెను. ఉన్న వ్యాజ్యములే యేండ్ల తరబడి సాగుచుండగా, ఒకదానినుండి మఱియొకదానిని పుట్టించుటకు న్యాయాధిపతులు తఱచు వెనుదీయుదురు. ఒక విషయమున అసత్యమాడినవాడు అన్నిటను అసత్యవాదియే యను లాటిను సూత్రము మన దేశమున చెల్లదని సుప్రీంకోర్టు పలుమాఱులు చెప్పియున్నది. పొల్లును చెఱిగి గింజను నిలుపుకొనవలెనని దాని యుపదేశము. న్యాయాధిపతికి వేఱు దారి లేదనుట నిజమే. కాని కొనువాడెట్లును చెఱుగుకొనునని యెఱిగిన యమ్మకందారు పొల్లు కలుపుటకు జంకడు.

ఈ పొల్లు వలని నష్టము ముద్దాయిలకు మాత్రమే కాదు. ఒకనాడు నిజముగానే గడ్డివామిలో కత్తి దొరకును. నిజాయితీపరుడైన ఇన్‌స్పెక్టరు నిజముగానే చూచి చెప్పును. ఆనాడు కోర్టు ఆయనను గూడ ననుమానించును. వెనుకటివారి యసత్యములకు ఆయన మూల్యము చెల్లించును. హతుని తల్లిదండ్రులు చెల్లింతురు. ఇల్లు దోచుకొనబడినవాడు ఠాణా మెట్లెక్కుటకు సందేహించును. చూచినవాడు సాక్ష్యము చెప్పుటకు రాడు. సాక్షులు రానందున పోలీసు మరల చూడనివారిని తెచ్చును. ఈ చక్రము ఇట్లు తిరుగుచుండును.

అసత్యము మన జాతి లక్షణమని దొరలు కొందఱు వ్రాయుచుండిరి. అది వట్టి యహంకారము. 1994లో న్యూయార్కు నగర పోలీసుపై విచారణ జరిపిన మోలెను కమిషను, అచ్చటి పోలీసులు ప్రమాణము చేసి యసత్యమాడుట ఎంత వాడుకయైనదనగా, సాక్ష్యము, అబద్ధము అను రెండు మాటలను అతికి దానికొక పేరే పెట్టుకొన్నారని తెలిపినది. పర్యవేక్షణ లేని యధికారము ఉన్నచోటనెల్ల ఈ తెగులు పుట్టును.

మన యింటి సంగతికే మరల వత్తము. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువతిపై జరిగిన ఘోరము దేశమునెల్ల కదలించినది. డిసెంబరు 6వ తేది తెల్లవాఱుజామున, దాచిన వస్తువులను జూపుటకని కొనిపోయిన నలుగురు నిందితులును షాద్‌నగరు చెంత చటాన్‌పల్లివద్ద పోలీసుల తుపాకులకు బలియైరి. వారు తమ యాయుధములను లాగికొని కాల్చిరని పోలీసులు చెప్పిరి. జనులు ఆ పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్‌పూర్‌కరు సంఘము విచారించి, ఆ కథనము నమ్మదగినది కాదనియు, చంపవలెనను నుద్దేశముతోనే కాల్చిరనియు, పదిమంది పోలీసులను హత్యాభియోగముపై విచారింపదగుననియు అభిప్రాయపడినది. ఆ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చినది.

పూలు చల్లినవారిని నిందించుట సులభము. వారి దుఃఖము నిజమైనది. కోర్టులలో ఏండ్లకొలది న్యాయము జరుగకపోవుటయు నిజమే. కాని ఆ పూలకు నర్థమేమి? పోలీసు చెప్పినది నిజమని నమ్మి చల్లిరా? పెక్కుమంది నమ్మియుండరు. నమ్మకపోయినను మేలే జరిగినదని చల్లిరి. ఇది విశ్వాసము కాదు. సత్యముతో మాకు పని లేదు, శిక్ష యుండిన జాలునను నిరాశ. మేము ఠాణాలో సంతకము చేసిన సాయంకాలమున మా మనస్సులో నుండినదియు అదియే.

పోలీసువారును మన బిడ్డలే. ఒక్క అధికారియే యుదయమున బందోబస్తును, మధ్యాహ్నమున దొంగతనపు విచారణను, సాయంకాలమున పెద్దల రాకపోకలను చూడవలసినచో దర్యాప్తు నెప్పుడు చేయును? నేర పరిశోధనను శాంతిభద్రతల పనినుండి విడదీయవలెనని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున ఆదేశించినది. ఠాణాలలో కెమెరాలు పెట్టవలెనని 2020లో ఆదేశించినది. 2024 జూలైనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను, సోదా చేసి వస్తువులను స్వాధీనపఱచుకొను పనిని, మధ్యవర్తులు సంతకము చేయుటతో సహా, దృశ్యశ్రవణ యంత్రములతో చిత్రించి మేజిస్ట్రేటునకు పంపవలెనని విధించుచున్నది. ఈ నిబంధన మా కాలమున నుండియుండినచో ఠాణా బల్లమీద గడ్డివామి మొలచియుండెడిది కాదు. అయినను యంత్రమును నడపునది మనుష్యుని చేయియే. అది యే క్షణమున తెఱువబడినదో, ఏ క్షణమున మూయబడినదో యడుగు న్యాయాధిపతియు, అసత్యము బయటపడినపుడు ఫిర్యాదునకు వెనుదీయని ధర్మాసనమును లేనిచో, వెనుకటి చట్టములవలెనే ఇదియు కాగితముననే నిలుచును.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. మనము చేయవలసినది చిన్నదే. మధ్యవర్తులుగా పిలువబడువారు ఎవరు? ఉపాధ్యాయులము, గ్రామోద్యోగులము, వర్తకులము. నలుగురిలో మర్యాద గలవారమని పేరు పొందినవారము. మన సంతకమునకు విలువ యున్నదనియే మనలను బిలుతురు. చూచినచో సంతకము చేసి, కోర్టుకు పోయి, ఎవరికిని వెఱవక నిజము చెప్పవలెను. చూడనిచో, కాఫీ త్రాగియైనను త్రాగకయైనను, చేయజాలమని చెప్పి లేచి రావలెను. దొంగ తప్పించుకొనునేమో యను భయము కలుగును. మేము సంతకము చేసిన పిదపనే దొంగ యెవరో తెలియకపోయెనని ఆ సమయమున జ్ఞాపకము చేసికొనుడు.

ఆ ముసలామె ఇపుడు లేదు. ఆమె ప్రశ్నకు ఆనాడు చెప్పలేకపోయిన బదులును ఈ పుటలలో వ్రాసితిమి: అమ్మా, మేము చూడలేదు.